డెప్త్ కెమెరా నుంచి అసలైన వివరం రాబట్టడం ఎలా

డెప్త్ కెమెరా అంటే ప్రతి పిక్సెల్‌కీ ఎదురుగా ఉన్నదాని దూరం కొలిచే కెమెరా. దాని స్కాన్‌లో వివరం చాలడం లేదంటే లోపం మూడు చోట్ల ఎక్కడో ఒకచోట ఉంటుంది. వస్తువు మీద కొలతలు పలచగా పడుతూ ఉండొచ్చు, అంటే పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఎడం ఎక్కువ. లేదా ఒకే పిక్సెల్ చెప్పే దూరం ఫ్రేము ఫ్రేముకీ ఊగుతూ ఉండొచ్చు. లేదా ఊగకుండా, నిలకడగా, తప్పు చెబుతూ ఉండొచ్చు: సరిగ్గా మీటరు దూరంలో ఉన్న గోడని ప్రతిసారీ 1012 మిల్లీమీటర్లు అంటుంది. మొదటిదానికి మందు దగ్గరికి జరగడం, లేదంటే లెన్సు. రెండోదానికి వెలుతురు, ఆ తర్వాత సగటు. మూడోదానికి కాలిబ్రేషన్, అంటే తెలిసిన కొలతతో పోల్చి కెమెరాని సరిదిద్దడం. చాలామంది ఇవేవీ తేల్చుకోకుండా నేరుగా సాఫ్ట్‌వేర్ ఫిల్టర్లు ఎక్కిస్తారు. ఫిల్టర్ ఉన్న నాయిస్‌ని (కొలతల్లోని అడ్డదిడ్డపు తప్పుల్ని) అణచగలదు కానీ కెమెరా పట్టుకోని వివరాన్ని పుట్టించలేదు. అందుకే ఈ గైడ్‌లో ఫిల్టర్లు బాగా వెనక్కి వెళ్లాయి.

ముందు కొలవండి

చదునైన, మ్యాట్ ఫినిష్ గోడ ఒకటి చూసుకోండి. కెమెరాని ట్రైపాడ్ మీద బిగించి గోడకి ఎదురుగా, మీరు అసలు పని చేయబోయే దూరంలోనే పెట్టండి. అన్ని ఫిల్టర్లూ ఆపేసి 100 ఫ్రేములు రికార్డ్ చేయండి. ఫ్రేము మధ్యలోని 40 శాతం భాగం చాలు, అంచుల జోలికి పోవద్దు. దాన్నుంచి రెండు సంఖ్యలు తీయాలి.

మొదటిది, ఒక్కో పిక్సెల్ విలువ ఆ 100 ఫ్రేముల్లో ఎంత ఊగిందో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్. రెండోది, ఒకే ఫ్రేములోని బిందువులకి లీస్ట్ స్క్వేర్స్‌తో ఒక సమతలం అతికించి, ఆ తలం నుంచి బిందువులు ఎంత పక్కకి పోయాయో చెప్పే ఆర్‌ఎంఎస్, అంటే ఆ తేడాల వర్గాల సగటుకి వర్గమూలం. మొదటి సంఖ్య చిన్నగా ఉండి రెండోది పెద్దగా ఉంటే నాయిస్ ఫ్రేముతో మారడం లేదన్నమాట. అలాంటప్పుడు ఎన్ని ఫ్రేములు సగటు చేసినా గోడ గతుకులుగానే ఉంటుంది. రెండూ పెద్దవైతే సగటు పనిచేస్తుంది.

తర్వాత మెట్ల పరీక్ష. మందపాటి అట్టముక్కలు తీసుకుని వెర్నియర్‌తో మందం కొలిచి 1, 2, 3, 5 మిల్లీమీటర్ల మెట్లు వచ్చేలా గోడకి అంటించండి. డెప్త్ మ్యాప్‌లో ఏ మెట్టు దాకా విడిగా కనిపిస్తోందో అదే మీ కెమెరా అసలు రిజల్యూషన్, ఆ దూరానికి, ఆ వెలుతురుకి. ఇకపై ఏ మార్పు చేసినా మళ్లీ ఈ అట్టల ముందుకే రండి. స్క్రీన్ మీద నునుపుగా కనిపించే డెప్త్ మ్యాప్‌ని నమ్మొద్దు. నునుపు చేస్తే 2 మిల్లీమీటర్ల మెట్టు కూడా చల్లగా మాయమవుతుంది.

దూరం, లెన్సు, బేస్‌లైన్

స్టీరియో కెమెరాలు రెండు కళ్లతో చూసి దూరం లెక్కగడతాయి. వాటిలో అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది:

లోతులో తప్పు = (దూరం × దూరం × డిస్పారిటీ తప్పు) ÷ (ఫోకల్ లెంగ్త్ × బేస్‌లైన్)

డిస్పారిటీ అంటే ఒకే చుక్క రెండు కళ్ల చిత్రాల్లో ఎంత పక్కకి జరిగి పడిందో ఆ తేడా, బేస్‌లైన్ అంటే రెండు కళ్ల మధ్య దూరం. ఫోకల్ లెంగ్త్‌నీ డిస్పారిటీ తప్పునీ పిక్సెళ్లలో, మిగతా కొలతలని మిల్లీమీటర్లలో తీసుకోవాలి. రియల్‌సెన్స్ డీ400 శ్రేణి స్టీరియో కెమెరాల్లో డీ435 బేస్‌లైన్ 50 మిల్లీమీటర్లు. 848×480 మోడ్‌లో చూపుకోణం అడ్డంగా సుమారు 90 డిగ్రీలు అనుకుంటే ఫోకల్ లెంగ్త్ 424 పిక్సెళ్లు వస్తుంది. డిస్పారిటీ తప్పు 0.08 పిక్సెల్ అనుకుంటే అర మీటరు దగ్గర లోతు తప్పు 1 మిల్లీమీటరు లోపు, మీటరు దగ్గర 3.8, రెండు మీటర్ల దగ్గర 15. దూరం సగమైతే తప్పు నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంత లాభం ఇంకే సెట్టింగూ ఇవ్వదు. ట్రైపాడ్‌ని ముందుకి జరపడానికి పైసా ఖర్చు లేదు కూడా.

అదే లెక్క అదే శ్రేణిలోని డీ415కి వేస్తే, 55 మిల్లీమీటర్ల బేస్‌లైన్, సుమారు 65 డిగ్రీల చూపుకోణం, 1280×720 మోడ్ కలిసి మీటరు దగ్గర తప్పు 1.5 మిల్లీమీటర్లు. పక్కపక్క పిక్సెళ్ల మధ్య ఎడం కూడా అక్కడ 1 మిల్లీమీటరు, డీ435లో అయితే 2.4. చిన్న వస్తువులు స్కాన్ చేసే పనికి ఇరుకు చూపే మేలు. కదిలే రోబోకి వెడల్పు చూపు, గ్లోబల్ షట్టర్ (ఫ్రేము మొత్తాన్నీ ఒకేసారి పట్టేది) కావాలి కాబట్టి అక్కడ డీ435 సరైనది. మోడ్ విషయంలో ఒక మాట: తయారీదారు సూచించే రిజల్యూషన్ డీ435కి 848×480, డీ415కి 1280×720. డీ435ని పై మోడ్‌కి నెట్టినంత మాత్రాన ఫలితం మెరుగుపడుతుందని లేదు, పైగా కనీస దూరం పెరిగిపోతుంది.

దగ్గరికి జరగడానికి హద్దు ఈ కనీస దూరమే. ఈ శ్రేణి కెమెరాల చిప్ 126 పిక్సెళ్ల డిస్పారిటీ దాకా మాత్రమే వెతుకుతుంది. ఫోకల్ లెంగ్త్‌ని బేస్‌లైన్‌తో గుణించి 126తో భాగిస్తే అది వస్తుంది: డీ435కి 848×480లో సుమారు 17 సెంటీమీటర్లు, డీ415కి 1280×720లో సుమారు 44. ఇంకా దగ్గరికి వెళ్లాలంటే డిస్పారిటీ షిఫ్ట్ అనే సెట్టింగ్ పెంచాలి. అప్పుడు వెతికే కిటికీ మొత్తం దగ్గరికి జరుగుతుంది, దూరంగా ఉన్నవి ఇక కనపడవు. టేబుల్ మీది వస్తువు స్కాన్ చేస్తుంటే వెనక గోడ కనపడకపోవడం ఒకందుకు మంచిదే.

రెండు కెమెరాలతో సొంతంగా స్టీరియో కట్టుకునేవాళ్లు బేస్‌లైన్ రెట్టింపు చేస్తే తప్పు సగమవుతుంది. కానీ కనీస దూరం కూడా రెట్టింపవుతుంది, ఒక కెమెరాకి కనపడి ఇంకోదానికి కనపడని నల్ల పట్టీ వస్తువు పక్కన వెడల్పవుతుంది. పని దూరంలో పదో వంతు బేస్‌లైన్‌తో మొదలుపెట్టి చూసుకోవడం మేలు.

టైమ్ ఆఫ్ ఫ్లైట్ కెమెరాల లెక్క వేరు. అవి వెలుతురుని ఒక ఫ్రీక్వెన్సీలో మిణుకుతూ పంపి, తిరిగొచ్చిన దాని ఫేజ్, అంటే అది మిణుకు చుట్టులో ఎంత వెనకబడి వచ్చిందో, కొలుస్తాయి. 20 మెగాహెర్ట్జ్‌లో ఒక పూర్తి చుట్టు 7.5 మీటర్లకి సమానం, 100 మెగాహెర్ట్జ్‌లో 1.5 మీటర్లకి. ఫేజ్ కొలతలో చుట్టులో అర శాతం తప్పు ఉంటే మొదటిదానిలో 37 మిల్లీమీటర్ల పొరపాటు, రెండోదానిలో 7.5. కాబట్టి ఫ్రీక్వెన్సీ ఎంత ఎక్కువైతే అంత పదును. అయితే 1.5 మీటర్లు దాటాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకే ఈ కెమెరాలు రెండు మూడు ఫ్రీక్వెన్సీలు కలిపి వాడతాయి. ఫ్రీక్వెన్సీ ఎంచుకునే వీలుంటే, పని దూరం తక్కువైనప్పుడు పెద్దదే ఎంచుకోండి. అజ్యూర్ కినెక్ట్ లాంటి వాటిలో ఆ మీట మన చేతిలో ఉండదు, మోడ్ మాత్రమే ఉంటుంది. అందులో ఇరుకు చూపు అన్‌బిన్డ్ మోడ్ 640×576 ఇస్తుంది. బిన్డ్ మోడ్‌లో 2×2 పిక్సెళ్లు ఒకటవుతాయి: వివరం తగ్గి, నాయిస్ తగ్గి, దూరం పెరుగుతుంది. నల్లటి వస్తువులకి, దూరపు వస్తువులకి బిన్డే గెలుస్తుంది.

వెలుతురు

ఎక్కువ తేడా వచ్చేది, ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. డెప్త్ కన్నా ముందు ఇన్‌ఫ్రారెడ్ ఇమేజ్ తెరిచి చూడండి. అది బాగా లేకపోతే దాన్నుంచి పుట్టే డెప్త్ బాగుండదు.

స్టీరియోలో ఎడమ కంటికి కనపడిన చుక్క కుడి కంటిలో ఎక్కడుందో వెతకాలి, వెతకడానికి ఉపరితలం మీద గుర్తులుండాలి. తెల్ల గోడకి గుర్తులుండవు కాబట్టి లేజర్ ప్రొజెక్టర్ చుక్కలు చల్లుతుంది. డీ400 శ్రేణిలో లేజర్ పవర్ 0 నుంచి 360 మిల్లీవాట్ల దాకా 30 చొప్పున పెంచుకోవచ్చు, మామూలుగా 150 దగ్గర ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ ఇమేజ్‌లో చుక్కలు విడివిడిగా, గుండ్రంగా కనపడుతున్నంత వరకు పెంచండి. చుక్కలు తెల్లబారి పక్కవాటితో కలిసిపోతే ఎక్కువైనట్టే, అప్పుడు తగ్గించండి. గుర్తులు బోలెడున్న ఉపరితలానికి, అంటే గులకరాళ్లకో చెట్టు బెరడుకో, ప్రొజెక్టర్ ఆపేసి మామూలు దీపం వేసి చూడండి, కొన్నిసార్లు అదే బాగుంటుంది.

గెయిన్‌ని కనిష్ఠానికి, ఈ కెమెరాల్లో 16కి, దించి ఎక్స్‌పోజర్ మాత్రమే పెంచండి. గెయిన్ సిగ్నల్‌తో పాటు నాయిస్‌నీ పెంచుతుంది. వస్తువు కదలనప్పుడు ఎక్స్‌పోజర్ ఎంత పొడుగున్నా నష్టం లేదు. గది దీపాలు మినుకుతుంటే 50 హెర్ట్జ్ కరెంటుకి ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకండ్ల గుణిజాల్లో పెట్టాలి. 60 హెర్ట్జ్ అయితే 8.33. ఆటో ఎక్స్‌పోజర్ వాడక తప్పకపోతే దాని కొలత పరిధిని మీ వస్తువు చుట్టూ మాత్రమే గీయండి. లేకపోతే వెనకనున్న కిటికీ వెలుతురుని చూసి వస్తువుని చీకటి చేసేస్తుంది.

స్టీరియో గురించి అంతగా ఎవరూ చెప్పనిది: అది అడ్డంగా మాత్రమే వెతుకుతుంది. బేస్‌లైన్‌కి సమాంతరంగా పోయే గీతలు, అడ్డపట్టీల తలుపు, మెట్ల అంచు లాంటివి, ఎక్కడ ఆగాలో చెప్పవు. అలాంటి చోట కెమెరాని 15–20 డిగ్రీలు వంచి బిగిస్తే చిరిగిన అంచులు కుదురుకుంటాయి.

టైమ్ ఆఫ్ ఫ్లైట్‌లో శత్రువులు రెండు. ఒకటి ఎండ. ఇన్‌ఫ్రారెడ్‌తో సెన్సర్‌ని నింపేసి అసలు సిగ్నల్‌కి చోటు లేకుండా చేస్తుంది. 850 నానోమీటర్ల కెమెరాల కంటే 940 నానోమీటర్లవి ఎండలో మెరుగ్గా ఉండడానికి కారణం గాలిలోని నీటి ఆవిరి ఆ చోట ఎండని కొంత మింగేయడం. రెండోది మల్టీపాత్. గది మూలలో వెలుతురు ఒక గోడకి తగిలి, రెండో గోడకి తగిలి ఆలస్యంగా వస్తుంది. కెమెరా రెంటినీ కలిపి ఒకే దూరంగా చెబుతుంది, 90 డిగ్రీల మూల గుండ్రంగా తేలుతుంది. సగటుతో ఇది పోదు. వస్తువు కింద, పక్కన నల్లటి మ్యాట్ గుడ్డ పరిచి, మెరిసే టేబుల్‌ని తప్పించి, కెమెరాని కాస్త పక్క కోణానికి మార్చాలి. కెమెరా ముందు గాజు గానీ, ఫ్రేము అంచులో దగ్గరగా మీ చెయ్యి గానీ ఉంటే లెన్సు లోపల చెదిరే వెలుతురు కూడా ఇదే రోగం తెస్తుంది.

మెరిసే లోహం, గాజు, నల్ల ప్లాస్టిక్ ఏ డెప్త్ కెమెరాకీ లొంగవు. వెల్డింగ్ పగుళ్లు వెతకడానికి వాడే తెల్ల డెవలపర్ స్ప్రే పలుచగా కొడితే సమస్య తీరుతుంది. ఆ పూత మందం ఈ కెమెరాల తప్పు ముందు లెక్కలోకి రాదు, తర్వాత తుడిస్తే పోతుంది. తుడవడానికి వీల్లేని వస్తువు మీద మాత్రం కొట్టొద్దు.

ఒకే గదిలో చాలా కెమెరాలుంటే స్టీరియోకి ఇబ్బంది లేదు, పక్కవాటి చుక్కలు దానికి అదనపు గుర్తులవుతాయి. టైమ్ ఆఫ్ ఫ్లైట్ కెమెరాలు మాత్రం ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. అజ్యూర్ కినెక్ట్‌లని సింక్ కేబుల్‌తో కలిపి ఒక్కోదానికి మధ్య కనీసం 160 మైక్రోసెకండ్ల తేడా పెట్టాలి.

వేడి, కాలిబ్రేషన్

కెమెరా ఆన్ చేయగానే కొలవొద్దు. లోపలి ఎలక్ట్రానిక్స్ వేడెక్కే కొద్దీ దూరం మిల్లీమీటర్ల లెక్కన జరుగుతూ పోతుంది. అరగంట నుంచి గంట స్ట్రీమింగ్‌లో ఉంచి, గోడ దూరం సగటు నిలబడిందాకా ఆగండి. ఫ్యాన్ గాలి నేరుగా తగిలితే మళ్లీ మొదటికొస్తుంది.

స్టీరియోలో రెండు కళ్ల మధ్య అమరిక వెంట్రుకవాసి కదిలినా డిస్పారిటీ పాడవుతుంది, కెమెరా కింద పడ్డాక లేదా గట్టి బ్రాకెట్‌లో బిగించాక ఇది తరచూ జరిగేదే. డీ400ల్లో ఆన్-చిప్ సెల్ఫ్ కాలిబ్రేషన్ ఉంది: గుర్తులున్న ఉపరితలం ఎదురుగా పెట్టి నడిపితే నిమిషం లోపే పూర్తవుతుంది, చివర హెల్త్ చెక్ సంఖ్య చూపుతుంది. ప్లస్, మైనస్ గుర్తు పక్కన పెడితే అది 0.25 లోపు ఉంటే కొత్త విలువలు రాయక్కర్లేదు, 0.75 దాటితే తప్పక రాయాలి. మీటరుని 1012 అనే రకం తప్పుకి వేరే పని, టేర్ కాలిబ్రేషన్. దానికి గోడ దూరం మిల్లీమీటరు లోపు తెలిసి ఉండాలి. దూరం కొలిచేది కెమెరా ముందు గాజు నుంచా, సెన్సర్ దగ్గరి మూలబిందువు నుంచా అన్నది డేటాషీట్‌లో చూసుకోండి. ఇక్కడ పడే నాలుగు మిల్లీమీటర్ల పొరపాటు ప్రతి కొలతలోకీ ఎక్కుతుంది.

సొంత స్టీరియోకి ఓపెన్‌సీవీ లైబ్రరీతో చారుకో బోర్డు (గళ్లలో గుర్తులు అచ్చేసిన కాలిబ్రేషన్ బోర్డు) వాడండి. బోర్డుని గాజుకో అల్యూమినియం రేకుకో అంటించాలి, కాగితం వంగితే మొత్తం వృథా. ఫ్రేము మూలల్లోకి వచ్చేలా, వంచి వంచి, 30–40 ఫొటోలు తీయండి. రీప్రొజెక్షన్ తప్పు, అంటే లెక్క ప్రకారం బోర్డు మూలలు పడాల్సిన చోటుకీ ఫొటోలో పడిన చోటుకీ తేడా, 0.3 పిక్సెల్ పైన ఉంటే మసకబారిన ఫొటోలు ఏరేసి మళ్లీ నడపండి.

ఒక చిన్న విషయం, చాలామంది పట్టించుకోనిది. డెప్త్ విలువ 16 బిట్ల పూర్ణాంకం, మామూలుగా ఒక్కో అంకె 1 మిల్లీమీటరు. కాబట్టి దగ్గరి పనిలో కెమెరాకి తెలిసిన వివరం కూడా గుండ్రం చేసేటప్పుడు పోతుంది, గోడ మీద మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. డెప్త్ యూనిట్‌ని 100 మైక్రాన్లకి మార్చండి. గరిష్ఠ దూరం 6.5 మీటర్లకి దిగుతుంది, టేబుల్ పనికి అది చాలా ఎక్కువే.

సగటు, ఫిల్టర్లు

ఫ్రేముల సగటుతో నాయిస్ ఫ్రేముల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది: 16 ఫ్రేములకి నాలుగో వంతు, 100కి పదో వంతు. సున్నా అంటే కొలత లేదని అర్థం, దాన్ని సగటులో కలపొద్దు. కలిపితే ఉపరితలం కెమెరా వైపు ఉబుకుతుంది. సగటు కన్నా మీడియన్ మంచిది, అంచుల దగ్గర ముందుకీ వెనక్కీ దూకే పిక్సెళ్లకి సగటు తీస్తే గాలిలో బిందువులు తేలతాయి.

టైమ్ ఆఫ్ ఫ్లైట్‌కి ఇది బాగా పనిచేస్తుంది. స్టీరియోలో చుక్కల అమరిక మారదు కాబట్టి తప్పు కూడా ప్రతి ఫ్రేములో దాదాపు అదే. కెమెరానీ ప్రొజెక్టర్‌నీ కొంచెం జరిపి, మళ్లీ తీసి, ఐసీపీతో (దగ్గరి బిందువుల్ని జతపరిచి రెండు స్కాన్‌లని సరిపోల్చే పద్ధతి) ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టి కలపాలి. మీటరు దగ్గర పిక్సెల్ ఎడం 2.4 మిల్లీమీటర్లు అయినప్పుడు జరుపు ఒక మిల్లీమీటరు అయినా చాలు, కొత్త కొలతలు పాత వాటి సందుల్లో పడతాయి. పలచదనం కూడా ఇలాగే తగ్గుతుంది. ఇరవై ముప్ఫై స్థానాలకి రెండింతల వివరం ఆశించవచ్చు, పదింతలు మాత్రం రావు.

రియల్‌సెన్స్ లైబ్రరీ ఫిల్టర్లు వాడితే వరస ముఖ్యం: డెసిమేషన్ (పిక్సెళ్లు తగ్గించేది), డెప్త్ నుంచి డిస్పారిటీకి మార్పు, స్పేషియల్ (పక్క పిక్సెళ్లతో నునుపు చేసేది), టెంపొరల్ (వెనకటి ఫ్రేములతో కలిపేది), తిరిగి డెప్త్‌కి. డిస్పారిటీలో నాయిస్ దగ్గరా దూరానా ఒకేలా ఉంటుంది కాబట్టే ఈ మార్పు. నేరుగా డెప్త్ మీద నడిపితే దగ్గరి వివరం చెరిగిపోయి దూరపు నాయిస్ మిగులుతుంది. రిజల్యూషన్ కోసం తిప్పలు పడుతున్నప్పుడు డెసిమేషన్ అసలు వద్దు. టెంపొరల్ ఫిల్టర్‌లో కొత్త ఫ్రేముకిచ్చే బరువు, ఆల్ఫా, 0.4తో వస్తుంది, కదలని వస్తువుకి 0.1 దాకా దించొచ్చు. హోల్ ఫిల్లింగ్ కొలతల పనిలో ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంచండి. లేనిచోట ఉన్నట్టు రాసే ఫిల్టర్ అది.

వస్తువు అంచునుంచి వెనక గోడకి తోకలా సాగే ఫ్లయింగ్ పిక్సెళ్లని విడిగా తీసేయాలి. పక్క పిక్సెల్‌తో తేడా దూరంలో 2–3 శాతం మించితే ఆ పిక్సెల్ కొట్టేయండి. అంచు ఒక పిక్సెల్ తరుగుతుంది, ఫర్వాలేదు.

రంగు ఫొటో తోడు

డెప్త్‌ని 1920×1080 రంగు ఫొటోకి అలైన్ చేస్తే ఫైలు పెద్దదవుతుంది, కొలతలు ఒక్కటీ పెరగవు. ఐఫోన్ లైడార్ నుంచి ఏఆర్‌కిట్ ద్వారా యాప్‌లకి అందే డెప్త్ మ్యాప్ కూడా 256×192 మాత్రమే, పదునైన రంగు దాని మీద పరిచారు కాబట్టి కంటికి గొప్పగా ఉంటుంది.

నిజంగా లాభం తీయాలంటే జాయింట్ బైలేటరల్ అప్‌శాంప్లింగ్ వాడండి: రంగు ఎక్కడ మారుతోందో అక్కడే లోతు కూడా మారొచ్చనే ఊహతో డెప్త్‌ని పెంచే పద్ధతి. నాలుగింతలకి 5×5 డెప్త్ పిక్సెళ్ల కిటికీ, రంగు సిగ్మా (ఎంత రంగు తేడాని అంచుగా లెక్కించాలో చెప్పే సంఖ్య) 255కి 10–20 దగ్గర మొదలుపెట్టండి. ముందు అలైన్‌మెంట్ సరిచూసుకోవాలి. రెండు పిక్సెళ్లు పక్కకి పోయినా ముందు వస్తువు అంచుకి వెనక గోడ లోతు అంటుకుంటుంది. ఇంకో చిక్కు, అచ్చు వేసిన చీర లాంటి చదునైన గుడ్డ మీద పువ్వులు ఉబ్బెత్తుగా తేలతాయి. అలా కనపడితే రంగు సిగ్మా పెంచండి. మామూలు బైలీనియర్ రీసైజ్ (పక్క పిక్సెళ్ల సగటుతో పెంచేది) మాత్రం డెప్త్ మీద ఎప్పుడూ వద్దు. అంచుల్లో ఫ్లయింగ్ పిక్సెళ్లు మనమే తయారు చేసినట్టవుతుంది.

చుట్టూ తిరిగి స్కాన్ చేసేటప్పుడు

వస్తువు చుట్టూ కెమెరా తిప్పి ఓపెన్‌3డీ లాంటి లైబ్రరీలో టీఎస్‌డీఎఫ్‌తో (చోటుని చిన్న ఘనాలుగా, అంటే వాక్సెళ్లుగా, విడగొట్టి ఒక్కోదాన్నుంచి ఉపరితలం ఎంత దూరమో రాసిపెట్టే పద్ధతి) కలపడమే అన్నిటికంటే ఎక్కువ వివరం ఇచ్చే దారి. 2011లో వచ్చిన కినెక్ట్‌ఫ్యూజన్ అనే పద్ధతి ఈ పనిని మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద చేసి చూపించింది. వాక్సెల్ సైజుని ఆ దూరంలో పిక్సెల్ ఎడానికి సమానంగా పెట్టండి. అంతకన్నా చిన్నగా పెడితే నాయిస్‌నే ఎక్కువ వివరంగా భద్రపరుస్తారు. ఒక్కో వైపుకి 512 వాక్సెళ్ల ఘనంలో 2 మిల్లీమీటర్లకి మీటరు పరిధి వస్తుంది, వాక్సెల్‌కి 4 బైట్ల లెక్కన మెమరీ 512 ఎంబీ. ట్రంకేషన్ దూరం (ఉపరితలం నుంచి ఎంత దాకా ఆ లెక్క ఉంచాలో) వాక్సెల్‌కి నాలుగైదు రెట్లు ఉండాలి, గోడ పరీక్షలో వచ్చిన ఆర్‌ఎంఎస్‌కి మూడు రెట్ల కన్నా తగ్గకూడదు.

కెమెరాని సెకనుకి పది సెంటీమీటర్లకి మించి కదపొద్దు. చదునైన టేబుల్ మీద గుండ్రటి పాత్ర ఒక్కటే ఉంటే ట్రాకింగ్ జారిపోతుంది, పాత్ర తిరిగిందో కెమెరా తిరిగిందో లెక్కకి తెలియదు. చుట్టూ రాళ్లో, పెట్టెలో, ఏవైనా కోణాలున్న వస్తువులు చల్లి పెట్టి, స్కాన్ అయ్యాక వాటిని కత్తిరించేయండి. చుట్టు పూర్తయ్యాక మొదలుపెట్టిన చోటు దాటి ఇంకాస్త ముందుకి వెళ్లండి, లూప్ క్లోజర్ (మొదటి చోటికి తిరిగొచ్చామని గుర్తించి పేరుకున్న తప్పు సరిదిద్దడం) పట్టుకోవడానికి ఆ అతివ్యాప్తి కావాలి.

ఇంతకన్నా సన్నని వివరం కావాలంటే పోలరైజేషన్, అంటే వెలుతురు తరంగం ఊగే దిశ, ఉంది. 2015లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కినెక్ట్ ఇచ్చిన ముతక లోతుకి, పోలరైజింగ్ ఫిల్టర్ తిప్పుతూ తీసిన మూడు ఫొటోలు జోడించి ఉపరితలం వాలుని లెక్కగట్టారు. ఫిల్టర్‌ని 0, 45, 90 డిగ్రీలకి తిప్పి, కెమెరా కదలకుండా, రా ఫార్మాట్‌లో తీస్తే ఇంట్లోనూ ప్రయత్నించవచ్చు. పోలరైజేషన్‌తో వాలు ఎటుందో చెప్పేటప్పుడు 180 డిగ్రీల సందిగ్ధం ఉంటుంది, దాన్ని ముతక డెప్త్ తీరుస్తుంది. కాబట్టి ముతక డెప్త్‌లోనే మల్టీపాత్ వంపులుంటే అవి ఇక్కడికీ వస్తాయి. మ్యాట్ ప్లాస్టిక్, పింగాణీ మీద బాగా వస్తుంది, లోహాలకి లెక్క వేరే. అదే ల్యాబ్ 2017లో గిగాహెర్ట్జ్ మాడ్యులేషన్‌తో 2 మీటర్ల దూరంలో 3 మైక్రాన్ల లోతు రిజల్యూషన్ సాధ్యమని చూపింది, అయితే దానికి కావలసిన ఆప్టికల్ మాడ్యులేటర్లు ఇక్కడ చెప్పిన కెమెరాల్లో దేనిలోనూ ఉండవు.